మూడు పళ్ళ గుర్తు

రఊఫ్ దమన్‌హూరీ నెగటివ్‌ల పెట్టెలు, పాత ఫోటోలు భద్రపరిచే మా చిత్రనిధికి వచ్చిన రోజున అలెగ్జాండ్రియా అంతటా ఖమ్సీన్ గాలి వీస్తోంది. ఎడారి దుమ్ము కమ్మేసి సముద్రం కూడా పచ్చబడిపోయింది. ట్రాములు పట్టపగలే దీపాలు వేసుకుని నడిచాయి. నలుగురు కూలీలు పద్నాలుగు రేకు పెట్టెలు మెట్ల మీదుగా మోసుకొచ్చి దించారు. ముఖాలకు చుట్టుకున్న గుడ్డలు విప్పుకుంటూ, "దుమ్ము దులిపే ఇంటికి దుమ్మే కూలికి మోసుకొచ్చాం" అని నవ్వుకున్నారు.

అరక్సీ మాత్రం నవ్వలేదు. పెట్టెల మీద అంటించిన పేరు చదివి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

అది తొంభై ఆరో సంవత్సరం. నేను అప్పటికే అక్కడ డార్క్ రూమ్‌లో ప్రింట్లు వేసేవాణ్ణి. పేరు నసీఫ్. అరక్సీది పక్క గది, నెగటివ్‌లు శుభ్రం చేసే గది. యాభై నాలుగేళ్ళ అర్మేనియన్ మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు. మాటలు తక్కువ. ఆవిడ చేతులకున్నంత ఓపిక నేను ఇంకెవరి చేతుల్లోనూ చూడలేదు. గాలి ఎండిపోయిన రోజుల్లో ఫిల్ము దుమ్మును అయస్కాంతంలా లాక్కుంటుందని, పని మొదలెట్టే ముందు కిటికీలకు తడి దుప్పట్లు కట్టి, నేల మీద నీళ్ళు చల్లేది. నూలు చేతిజోళ్ళు తొడుక్కుని, నెగటివ్‌ను అంచుల దగ్గర మాత్రమే పట్టుకునేది. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టేది. అప్పటికీ పోని రేణువును ఉడుత వెంట్రుకల కుంచెతో, ఒకే దిక్కుకు, నిద్రపోయే పిల్లవాడి నుదురు నిమిరినట్టు తోసేది. దానికీ లొంగని జిడ్డు ఉంటే, మెరిసే వైపు మాత్రమే, దూదికి స్పిరిట్ చుక్క అద్ది, మూలన ఒకసారి పరీక్షించి తుడిచేది. మందు పూసిన మసక వైపు ప్రాణం పోయినా దూది ముట్టనిచ్చేది కాదు.

"దుమ్ము ఉంటే ప్రింటులో తెల్ల చుక్క పడుతుంది నసీఫ్. అది తుడిస్తే పోతుంది. మందు మీద గీత పడితే ప్రింటులో నల్లగా పడుతుంది. అది చచ్చినా పోదు" అని నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే చెప్పింది.

ఆ సాయంత్రం టీ తాగుతూ అడిగాను. "ఏంటి మదాం, పెట్టెలు చూసి అలా అయిపోయారు? దమన్‌హూరీ అంటే దేశం మొత్తానికీ తెలిసిన మనిషి కదా. ఆయన పని మన చేతికి రావడం అదృష్టమేగా?"

అరక్సీ గ్లాసు కింద పెట్టింది.

"అవి ఆయనవి కావు. మా నాన్నవి" అంది.

ఆ తర్వాత చెప్పింది. ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట కాబట్టి ఎక్కడ మొదలెట్టాలో తెలియక తడబడుతూ చెప్పింది.

ఆవిడ తండ్రి హైగజ్ తష్‌జియాన్‌కు అత్తారీన్ వీధిలో చిన్న స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళ ఫోటోలూ, పాస్‌పోర్టు ఫోటోలూ తీసి కడుపు నింపుకునేవాడు. మిగిలిన పొద్దంతా పెద్ద చెక్క కెమెరా భుజాన వేసుకుని పత్తి గోదాముల్లోకీ, అన్‌ఫూషీ రేవుకీ, మహమూదియ్యా కాలువ గట్టుకీ పోయేవాడు. పత్తి ఏరే ఆడవాళ్ళూ, వలలు కుట్టుకునే ముసలివాళ్ళూ, పడవలకు తారు పూసే మనుషులూ, వాళ్ళను ఇరవై ఏళ్ళపాటు తీశాడు. ఎవరికీ అమ్మలేదు. నలభై తొమ్మిదిలో రఊఫ్ అనే కుర్రవాడు పనికి చేరాడు. స్టూడియో ఊడవడం, నెగటివ్‌ల మీద దుమ్ము దులపడం వాడి పని. చురుకైనవాడని హైగజ్ మెల్లగా కెమెరా కూడా చేతికిచ్చాడు.

యాభై ఏడులో హైగజ్‌కు క్షయ వచ్చింది. పద్నాలుగు నెలలు హెల్వాన్ ఆస్పత్రిలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి స్టూడియోకు వేరే తాళం ఉంది. కెమెరా లేదు, పెట్టెలు లేవు.

"మా నాన్న రఊఫ్ దగ్గరికి వెళ్ళి అడిగాడు. 'ఉప్పుగాలికి బూజు పట్టాయి మాస్టారూ, అన్నీ సముద్రంలో పారేశా' అన్నాడట. మా నాన్న నమ్మాడు నసీఫ్! ఆరేళ్ళు నమ్మాడు. 'పాపం వాడేం చేస్తాడే' అనేవాడు."

అరవై నాలుగులో పెద్ద పుస్తకం వచ్చింది. 'అలెగ్జాండ్రియా చేతులు' అని పేరు. తీసినది రఊఫ్ దమన్‌హూరీ. ప్రదర్శన కూడా పెట్టారు. తండ్రిని పట్టుకుని అరక్సీ కూడా వెళ్ళింది, అప్పటికి ఆవిడకు ఇరవై రెండేళ్ళు. గోడల మీద తన బొమ్మలు చూసి హైగజ్ జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచాడు. రఊఫ్ దగ్గరికి వెళ్ళి చొక్కా పట్టుకున్నాడు. రఊఫ్ ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, చుట్టూ ఉన్న పెద్దమనుషులతో నవ్వుతూ చెప్పాడు: "కంగారు పడకండి. మా పాత స్టూడియోలో నా నెగటివ్‌ల మీద దుమ్ము తుడిచేవాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక పాపం బుర్ర చెదిరింది."

అందరూ జాలిపడ్డారు. ఎవరో హైగజ్ జేబులో ఒక నోటు కూడా పెట్టారు.

"ఆ రోజు నుంచి బజారులో పిల్లలు కూడా మా నాన్నను 'దుమ్ము తుడిచేవాడా' అని పిలిచారు. ట్రాము స్టేషన్ దగ్గర నిలబడి పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ ఏడేళ్ళు బతికాడు. ఒక్కనాడూ నోరు విప్పలేదు. నేను విప్పుదామంటే నా దగ్గర ఏ సాక్ష్యం ఉంది? బొమ్మ మీద సంతకం ఉండదు కదా. అందుకే ఈ పని నేర్చుకున్నా. ఏదో ఒక రోజు ఆ నెగటివ్‌లు ఎవడో ఒకడి చేత తుడిపించుకోక తప్పదు వాడికి. ఆ తుడిచే చెయ్యి నాదే అవ్వాలని."

ముప్ఫై ఏళ్ళు ఒక మనిషి ఒక పనిని అందుకోసమే నేర్చుకుని ఉంటుందని ఊహించలేదు.

మర్నాడు పొద్దున నేను ఆవిడ గదిలోకి వెళ్ళేసరికి లైటు బల్ల మీద పత్తి ఏరే ఆడవాళ్ళ నెగటివ్ ఉంది, మసక వైపు పైకి. అక్కడక్కడా బూజు పట్టి ఉంది. బూజు పట్టిన మందుపూతకు నీళ్ళు తగిలితే పాకం అయిపోతుంది. అరక్సీ చేతిలో తడి దూది ఉంది. నీళ్ళతో తడిపిన దూది.

"మదాం!" అన్నాను.

"ఒక్క తుడుపు చాలు నసీఫ్. ఒక్కొక్కటికీ ఒక్కో తుడుపు. రెండు వారాల్లో వాడు బతికిందంతా కరిగిపోతుంది. గాలికి పాడైందని చెబుతా. వాడు మా నాన్నకు చెప్పిన మాటే."

దూది నుంచి ఒక చుక్క జారి బల్ల అంచున పడింది. నేను ముందుకు వెళ్ళలేదు. ఆవిడ వంగి ఆ నెగటివ్‌లోని ఆడవాళ్ళ ముఖాలను ఒక్కొక్కటిగా చూసింది. చివరికి దూదిని చెత్తబుట్టలో పడేసి, చేతిజోళ్ళు మార్చుకుంది.

"వాడికి కాదు, నాన్నకు తగులుతుంది ఈ నీళ్ళు" అని, రబ్బరు బుడ్డి అందుకుంది.

నాలుగు రోజుల తర్వాత రఊఫ్ స్వయంగా వచ్చాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. తెల్ల సూటు, వెండి పొన్నుకర్ర. వెనకాల మా డైరెక్టర్ డాక్టర్ బహీగా. కొత్త హాలుకు ఆయన పేరు పెడదామని, మే నెలలో ప్రదర్శన ప్రారంభిద్దామని ఆవిడ ఆరాటం. అరక్సీని 'మదాం బెద్రోస్యాన్' అని భర్త ఇంటిపేరుతో పరిచయం చేసింది. రఊఫ్ గుర్తుపట్టలేదు.

"ఏం అమ్మాయ్, నా పిల్లల్ని బాగా చూసుకుంటున్నావా?" అని బల్ల మీద నెగటివ్ ఒకటి వేళ్ళతో తీసి, నోటితో ఉఫ్‌మని ఊదబోయాడు.

"ఊదకండి ఉస్తాజ్" అంది అరక్సీ, గురువుగారిని పిలిచినంత మర్యాదగా. "మీ ఉమ్ము పడుతుంది."

డాక్టర్ బహీగా ముఖం ఎర్రబడింది. రఊఫ్ పెద్దగా నవ్వాడు.

"నలభై ఏళ్ళు ఊదాను అమ్మాయ్, ఏమీ కాలేదు!" అని జేబురుమాలు తీసి తుడవబోయాడు. మసక వైపు.

అరక్సీ ఆయన మణికట్టు పట్టుకుంది. "అది మందు వైపు ఉస్తాజ్."

"తెలుసు, తెలుసు. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు" అని నెగటివ్ ఇచ్చేశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఒక్క మాట. అంచులకు నల్ల కాగితం అతికించి ఉంది చూశావుగా? వాటి జోలికి పోవద్దు. వెలుగు చొరబడకుండా నేనే వేశాను. దుమ్ము వరకు చూసుకో, చాలు" అన్నాడు.

ఆయన వెళ్ళాక అరక్సీ, ఆయన మణికట్టు పట్టుకున్న తన చేతిని స్పిరిట్‌తో కడుక్కుంది.

"నసీఫ్, తలుపు వెయ్యి" అంది. "కడిగేసిన నెగటివ్‌లోకి చొరబడే వెలుగు ఏముంటుంది? పెళ్ళైన పిల్లకు పెళ్ళిచూపులా? వాడు ఏదో కప్పిపెట్టాడు."

ఆ నల్ల కాగితం ఎండకు ఎండి ఒక నెగటివ్ మూలన ఇప్పటికే లేచి ఉంది. దాని కిందికి భూతద్దం పెట్టి చూసి, అరక్సీ కుర్చీలో వెనక్కి వాలింది. నన్ను చూడమంది. ఫిల్ము చుట్టూ ఉండే తెల్లటి అంచులో, పక్కపక్కన మూడు చిన్న నల్లటి బుడిపెలు. పళ్ళలా ఉన్నాయి. నడిమి పన్ను కాస్త వంకర.

"మా నాన్న పళ్ళు" అంది.

ఫిల్మును కెమెరాలో పెట్టే చెక్క చట్రాలు హైగజ్‌కు నాలుగు ఉండేవట. స్టూడియోలవాళ్ళందరూ ఒకే చోట ఫిల్ములు కడిగించుకునే రోజుల్లో తనవి తారుమారు కాకుండా, ఒక రేకు అచ్చు పెట్టి నాలుగు చట్రాల అంచులకూ ఆకురాయితో మూడేసి నొక్కులు కోశాడు. అచ్చులోనే వంకర ఉంది కనుక నాలుగింటిలోనూ ఒకే వంకర. ఆ చట్రంలో పెట్టి తీసిన ప్రతి ఫిల్ము మీదా ఆ గుర్తు పడుతుంది. ప్రింట్లలో ఆ గుర్తు ఎక్కడా లేకపోవడంతో, అంచులు కోసేసి ఉంటాడనే ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుంది. రఊఫ్ ఆ అంచులన్నీ మూసేసి, ప్రింట్లలో కత్తిరించేసి, పుస్తకం వేసుకున్నాడు. అంచులు కోసేస్తే పోయేది. కానీ కోసిన నెగటివ్‌కు ధర ఉండదని ఆశకొద్దీ ఉంచేశాడు.

"మరి చట్రాలు?" అన్నాను.

"వాడు అమ్ముకున్నాడో, కాల్చాడో. మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో మా కుటుంబం నెగటివ్‌లు పదీ పన్నెండు మిగిలాయి. అవి చాలు."

"ఇప్పుడే డైరెక్టర్‌కి చెప్పేద్దాం."

"చెబితే ఏమవుతుంది? వాడు గదిలోకి వస్తాడు, తలుపులేసుకుంటారు, కాఫీ తాగుతారు. 'ఆ గుర్తు నాదే, ముసలాడికి నేనే చట్రాలు అరువిచ్చా' అంటాడు. అయిపోతుంది. వద్దు. వాడి నోటితో వాడే చెప్పాలి. వాడి చేత్తో వాడే రాయాలి. నలుగురి ముందు చదవాలి. మా నాన్నకు నలుగురి ముందే జరిగింది."

డాక్టర్ బహీగాకు ఆవిడ ఒక కాగితం రాసింది. నల్ల కాగితపు జిగురు ఫిల్మును తినేస్తోందని, తీయకపోతే పదేళ్ళలో అంచుల నుంచి పొరలు లేస్తాయని. అందులో అబద్ధం ఏమీ లేదు. డైరెక్టర్ సంతకం పెట్టింది. ఆరు వారాలు అరక్సీ ఆ కాగితాలను స్పిరిట్ ఆవిరికి మెత్తబరిచి, వెదురు పుల్లతో మిల్లీమీటరు మిల్లీమీటరు లేపింది. ఒక్క గీత పడలేదు. దుమ్మంతా పోయాక నేను ప్రతి నెగటివ్‌కూ అంచులతో సహా ప్రింటు వేశాను. నల్లటి అంచు మీద మూడు తెల్ల పళ్ళు. మొత్తం రెండు వందల పన్నెండు. నూట తొంభైకి పళ్ళున్నాయి.

మిగిలిన ఇరవై రెండింటికి పళ్ళు లేవు. నల్ల కాగితం కూడా లేదు. అవి నిజంగా రఊఫ్ తీసినవి. ఎక్కువ భాగం మామూలు బొమ్మలే. ఒక్కటి మాత్రం కాదు. మేడ మీద తడి దుప్పటి ఆరేస్తున్న ముసలావిడ. గాలికి దుప్పటి ఆవిడ ముఖానికి అంటుకుని, దాని కిందనుంచి ఆవిడ నవ్వు తెలుస్తోంది. ఆ ప్రింటు నీళ్ళలోంచి పైకి తేలినప్పుడు నేను పని ఆపేశాను. అరక్సీకి చూపిస్తే, "బాగుంది" అంది. ఇంకేమీ అనలేదు.

ప్రదర్శనకు పది రోజుల ముందు రఊఫ్ మళ్ళీ వచ్చాడు. అరక్సీ ఆయనకు తన చేత్తో కాఫీ కలిపి తెచ్చింది.

"ఉస్తాజ్, చిన్న చిక్కు వచ్చింది. జిగురు పాడుచేస్తోందని కాగితాలు తీసెయ్యమన్నారు డైరెక్టర్ గారు. తీస్తే ఏవో గుర్తులు కనబడుతున్నాయి. కొన్నింటికి ఉన్నాయి, కొన్నింటికి లేవు. ఇద్దరి పని కలిసిపోయిందేమోనని నా అనుమానం. పత్రికలవాళ్ళు ముందే అడిగితే మీకు ఇబ్బంది కదా అని."

రఊఫ్ కప్పు కింద పెట్టేశాడు. తేలు కుట్టిన దొంగ ముఖం ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను. కాసేపటికి సర్దుకున్నాడు.

"గుర్తులా? ఓహో, పళ్ళా! అవి నావే. నేనే కోశా."

"అదే అనుకున్నా. ఏ సంవత్సరం ఉస్తాజ్?"

"నలభై తొమ్మిది. మొదటి కెమెరా కొన్నప్పుడు. కర్మూజ్‌లో నా గదిలో కూర్చుని ఆకురాయితో కోశా. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది."

"అయితే పళ్ళు లేనివి? ఇరవై రెండున్నాయి. అవి ఎవరివో మరి."

రఊఫ్ కిటికీ వైపు చూశాడు. నూట తొంభై ఒక పక్క, ఇరవై రెండు ఒక పక్క. ఆ నూట తొంభై లేకపోతే ఆయన లేడు. అరక్సీ తొందరపెట్టలేదు. కాఫీలో ఇంకాస్త పంచదార కావాలా అని అడిగింది.

"ఆ రోజుల్లో స్టూడియోలో హైగజ్ అని ఒకడుండేవాడు. దుమ్ము తుడిచేవాడు. వాడూ అప్పుడప్పుడూ నా కెమెరాతో ఆడుకునేవాడు. వాడివై ఉంటాయి. పక్కన పడెయ్యి."

"ఈ రెండు మాటలూ రాసిచ్చేస్తే ఫైల్లో పెట్టేస్తా ఉస్తాజ్. మీ చేతిరాత ఉంటే ఇంక ఎవరూ నోరెత్తరు."

రాసిచ్చాడు. మూడు పళ్ళ గుర్తు తాను 1949లో కోసినదని, ఆ గుర్తున్న ప్రతి నెగటివ్ తనదేనని, గుర్తు లేని ఇరవై రెండూ తనవి కావని. కింద సంతకం, తేదీ. వెళ్తూ అరక్సీ భుజం తట్టాడు. "మంచి పిల్లవు నువ్వు" అన్నాడు.

తలుపు మూసుకున్నాక ఆవిడ ఆ కాగితాన్ని కూడా అంచుల దగ్గరే పట్టుకుని కవరులో పెట్టింది.

ప్రారంభం నాటి మధ్యాహ్నం హాలు నిండిపోయింది. పత్రికలవాళ్ళు, రేడియోవాళ్ళు, ఊరి పెద్దలు. అర్మేనియన్ చర్చి నుంచి కూడా పదిమంది ముసలివాళ్ళను అరక్సీ పిలిపించింది. డాక్టర్ బహీగా పొగడ్తలు ముగించి, "ఈ నెగటివ్‌లను దుమ్ము నుంచి కాపాడిన మా మదాం బెద్రోస్యాన్ రెండు నిమిషాలు మాట్లాడతారు" అంది.

అరక్సీ లేచింది. గొంతు పెంచలేదు. రఊఫ్ రాసిచ్చిన కాగితం మొత్తం చదివింది.

"ఇది మీ చేతిరాతేనా ఉస్తాజ్?"

"నాదే" అన్నాడు రఊఫ్, మొదటి వరుసలోంచి, చెయ్యి ఊపుతూ.

నేను ముందుగా చెప్పుకున్న ప్రకారం ఒక పెద్ద ప్రింటును స్టాండు మీద పెట్టాను. చర్చిలో జ్ఞానస్నానం. గడ్డం ఉన్న పాదిరి, తెల్ల లేసు గుడ్డల్లో పసిపాప. చుట్టూ నల్ల అంచు, అంచు మీద మూడు తెల్ల పళ్ళు, నడిమిది వంకర.

"ఈ బొమ్మ కూడా మీదేనా?"

రఊఫ్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఆ బొమ్మ తన పెట్టెల్లో ఉందో లేదో ఆయనకు గుర్తులేదు. పళ్ళు మాత్రం కనిపించాయి. వందమంది చూస్తున్నారు.

"నాదే" అన్నాడు. "ఆ రోజుల్లో అర్మేనియన్ల ఇళ్ళల్లో చాలా తీశాను."

వెనక వరుసలోంచి ఒక ముసలాయన లేచాడు. "అదెలా కుదురుతుందయ్యా? ఆయన మా పాదిరి టేర్ గెవొంద్. నలభై నాలుగులో పోయాడు. శవపేటిక మోసినవాళ్ళలో నేనొకణ్ణి. నలభై తొమ్మిదిలో నువ్వు పళ్ళు కోస్తే, అంతకు ఐదేళ్ళ ముందే పోయిన మనిషి బొమ్మ మీదికి ఎలా వచ్చాయి?"

హాల్లో గుసగుస మొదలైంది.

"ఆ పసిపాపను నేను" అంది అరక్సీ. "నలభై రెండులో పుట్టాను. ఈ బొమ్మ మా ఇంటి డబ్బాలోది. తీసింది మా నాన్న. బెద్రోస్యాన్ నా భర్త ఇంటిపేరు. నేను హైగజ్ తష్‌జియాన్ కూతుర్ని."

రఊఫ్ పొన్నుకర్ర ఆనించుకుని లేచాడు. ముఖంలో నెత్తురు లేదు. అయినా పాత అలవాటు చొప్పున జనం వైపు తిరిగి నవ్వబోయాడు. "దుమ్ము తుడిచేవాడి కూతురా!"

"అవును" అంది అరక్సీ. "తుడిచాను. ఇప్పుడు అందరికీ కనబడుతోంది."

ఎవరూ నవ్వలేదు. కెమెరాల మెరుపులు మొదలయ్యాయి. ఆయన తలుపు దాకా నడిచే దారి చాలా పొడుగైపోయింది. దారిపొడుగునా రెండువైపులా గోడల మీద ఆ మూడు పళ్ళే. ఆ పూట ఆయన జేబులో నోటు పెట్టినవాళ్ళెవరూ లేరు. దారి మాత్రం ఇచ్చారు, అంటుకుంటుందేమో అన్నట్టు.

తర్వాత డాక్టర్ బహీగా మా ఇద్దర్నీ నిలబెట్టి కడిగేసింది. "నాకు ముందు చెప్పి ఉండాల్సింది! ఇది చిత్రనిధా, మీ ఇంటి పగలు తీర్చుకునే చోటా?" అంది. అరక్సీ తప్పు ఒప్పుకుంది. "చెబితే మీరు ఆపేవారు డాక్టర్" అని మాత్రం అంది. డైరెక్టర్ కోపిష్టే గాని అన్యాయస్థురాలు కాదు. నూట తొంభై బొమ్మల కింద పేర్లు వారంలో మారాయి. హాలుకు ఎవరి పేరూ పెట్టలేదు. పుస్తకాన్ని అచ్చు వేస్తూ వస్తున్నవాళ్ళు దుకాణాల నుంచి ప్రతులు వెనక్కి తెప్పించుకున్నారు.

మిగిలింది ఆ ఇరవై రెండు. రఊఫ్ రాతప్రకారం అవి హైగజ్‌వి. రిజిస్టర్లో అలాగే ఎక్కించబోతే అరక్సీ నా చెయ్యి పట్టుకుంది.

"మా నాన్న పేరు రాయకు. ఆయన తియ్యలేదు. దొంగసొమ్ము మాకొద్దు."

"మరి రఊఫ్ అని రాయనా?"

"తనవి కావని ఆయనే రాసిచ్చాడుగా. తీసినవారు తెలియదు అని రాయి."

రాశాను. ఆ ఇరవై రెండింటినీ కూడా ఆవిడ అదే కుంచెతో, అదే ఓపికతో శుభ్రం చేసింది.

డిసెంబరు తుఫాను వానల్లో ఒక పొద్దున రఊఫ్ వచ్చాడు. సూటు లేదు. తడిసిన ఉన్ని కోటు, గొడుగు కూడా మరిచినట్టున్నాడు. నేను కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"అంతా తీసుకున్నావు. తీసుకో. ఒకటి అడగడానికి వచ్చా. దుప్పటి ఆరేసే ఆవిడ ఉంది చూడు... ఆమె మా అమ్మ. అది నేనే తీశా. దేవుడి మీద ఒట్టు. దాని కింద నా పేరు పెట్టించు. ఆ ఒక్కదాని కిందా."

"నాకు తెలుసు ఉస్తాజ్" అంది అరక్సీ. "ఆవిడ గడ్డం అచ్చం మీ గడ్డమే. చూసిన రోజే తెలుసు."

"తెలిసీ..."

అరక్సీ ఫైలు తెచ్చి కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన చదవలేదు.

"నేను దాచకపోతే ఆ బొమ్మలు ఈ పాటికి ఏ చెత్తకుప్పలోనో ఉండేవి. మీ నాన్నకు దాచుకోవడం కూడా చేతకాదు. వాటిని లోకానికి చూపించింది నేను. ఆ మాటన్నా ఒప్పుకో!"

అది అబద్ధం కాదు. ఆ మాట అరక్సీకీ తగిలిందని నాకు తెలిసింది. అయినా ఆవిడ ఫైలు మూసింది.

"నన్నేం చెయ్యమంటావు? కాళ్ళు పట్టుకోనా?"

"ఏమీ వద్దు. మా నాన్న తన బొమ్మల కింద ఇంకొకడి పేరు చూస్తూ, ఏమీ చెయ్యలేక ఏడేళ్ళు బతికాడు. మీరూ అలాగే బతకండి. మీకు ఇంకొకడి పేరైనా కనబడదు, అంత దయ చూపించాను."

ఆయన గుమ్మం దాటాక నేను ఉండబట్టలేక అన్నాను. "ఆ ఒక్కటీ ఇచ్చేయాల్సింది మదాం. ముసలాయన తల్లి..."

"నీకు జాలేస్తోందా?"

"వేస్తోంది."

"వెయ్యనీ. నువ్వు మంచివాడివి." కుంచె తీసుకుని మళ్ళీ బల్ల మీదికి వంగింది. "నాకూ వెయ్యకపోలేదు నసీఫ్. కానీ తీపిగా కూడా ఉంది. అబద్ధమెందుకు."

రఊఫ్ రెండేళ్ళు బతికాడు. నెలకోసారి టికెట్టు కొనుక్కుని హాల్లోకి వచ్చి, ఆ బొమ్మ ముందు నిలబడి వెళ్ళిపోయేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆయన వచ్చినట్టు తెలిస్తే అరక్సీ గది తలుపు వేసుకునేది. పోయాడని పత్రికలో నాలుగు పంక్తులు వచ్చినప్పుడు ఆవిడకు చూపించాను. చదివి, తిరిగి ఇచ్చి, పనిలో పడిపోయింది. రెండు వేల మూడులో ఉద్యోగం విరమించుకుని, అక్క కూతురి దగ్గరికి యెరెవాన్ వెళ్ళిపోయింది. పండగలకు ఉత్తరం రాస్తుంది.

నూట తొంభై గొప్ప బొమ్మలున్నా, చూడవచ్చినవాళ్ళు ఎక్కువసేపు ఆగేది ఆ దుప్పటి ఆరేసే ఆవిడ ముందే. ఎవరు తీశారని నన్ను అడుగుతుంటారు. అరక్సీ ఇక్కడ లేదు, రఊఫ్ లోకంలోనే లేడు, డాక్టర్ బహీగా కూడా వేరే ఉద్యోగానికి మారిపోయింది. చెప్పినా ఇప్పుడు నన్ను ఆపేవాళ్ళు లేరు.

తెలియదనే చెబుతున్నాను.